గొడవకు ఏ పేరు పెడుతున్నాం?

చాలా ఏళ్ల కింద ఒక పత్రికలో జిల్లా డెస్కులో పనిచేసేవాణ్ణి. రాత్రి పదకొండు దాటాక, పేజీ పంపించేయాల్సిన టైములో ఒక మండల విలేకరి నుంచి వార్త వచ్చింది. ఊరి పేరు, స్టేషన్ పేరు, గాయపడినవాళ్ల పేర్లు అన్నీ ఉన్నాయి. హెడ్డింగ్ కూడా తనే పెట్టేశాడు: ‘ఇరువర్గాల ఘర్షణ, 11 మందికి గాయాలు’. సింగిల్ కాలమ్‌లో రెండు లైన్లకు సరిగ్గా సరిపోయింది, అక్షరం మార్చకుండా పెట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్. అవతల ఎవరో పెద్దాయన. గొంతులో కోపం కూడా లేదు. "సార్, మేం ఘర్షణ ఎప్పుడు పడ్డామండీ? ఇంట్లో కూర్చుని అన్నం తింటా ఉంటే వచ్చి కొట్టారు కదా" అన్నాడు. పేజీ తీసి చూసుకున్నాను. పదకొండు పేర్లూ ఒకే వాడలోవి. ఊరు నిజం, లెక్క నిజం, పేర్లు నిజం. ‘ఇరు’ అన్న రెండక్షరాలే అబద్ధం.

అప్పట్నుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఏ గొడవ వార్త చదివినా ముందు గొడవ సంగతి వదిలేసి, దానికి ఏ పేరు పెట్టారో చూస్తాను. పక్షం తీసుకుంటున్నట్టు పైకే కనిపించే తిట్టు మాటలతో పెద్ద ప్రమాదం లేదు, వాటిని చదివేవాడు ఎలాగూ జాగ్రత్తపడతాడు. ఎటూ మొగ్గనట్టు కనిపించే మర్యాదస్తుల మాటలే ఎక్కువ పని కానిచ్చేస్తాయి.

మామూలు మాటల్లో మనం ‘వివాదం’ అనే పదం దాదాపు వాడం, గమనించారా? ఇంట్లో అయితే గొడవ. ఆఫీసులో అయితే ఇష్యూ. సినిమావాళ్లది కాంట్రవర్సీ. పొలం గట్టు దగ్గర తగువు. హైదరాబాదులో లొల్లి, పంచాయితీ. ఎవరైనా నలుగురిలో అరిస్తే రచ్చ, అతి చేస్తే రచ్చ రచ్చ. చిన్న విషయం పెద్దది చేస్తే రాద్ధాంతం. పిల్లలు చేసేది అల్లరి, అదే మాటను బహువచనం చేసి అల్లర్లు అన్నామంటే మాత్రం షాపుల షట్టర్లు పడిపోతాయి, నిషేధాజ్ఞలు వస్తాయి. ఒక్క ‘లు’ తేడాతో ముద్దు నుంచి కర్ఫ్యూ దాకా వెళ్లిన మాట ఇంకోటి నాకైతే తట్టడం లేదు. వివాదం అన్నది మాత్రం టీవీ చూసి నేర్చుకున్న మాట, కోర్టు కాగితాల మాట.

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఇంకో వింత. తగవు అంటే పాత తెలుగులో న్యాయం, తగినది, ధర్మమైనది. తగవరి అంటే న్యాయం చెప్పే మనిషి. ఇవాళ తగవు అంటే కొట్టుకోవడం, తగవులమారి అంటే అస్తమానం కయ్యానికి కాలు దువ్వేవాడు. రచ్చ అంటే ఊరి జనం కూడే చోటు, రచ్చబండ దగ్గర కూర్చుని పెద్దలు తీర్పు చెప్పేవారు, ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నదాంట్లో ఆ పాత రచ్చే ఉంది. ఇప్పుడు రచ్చ అంటే గోల. పంచాయితీ అంటే అయిదుగురు కూర్చుని తేల్చేది, తెలంగాణలో ఇప్పుడు "వాళ్లిద్దరికీ పంచాయితీ అయింది" అంటే తేలింది అని కాదు, మొదలైంది అని. రాద్ధాంతం సంగతి ఇంకా విడ్డూరం, సంస్కృతంలో దానికి సిద్ధాంతం అనే అర్థం, అంటే వాదన అంతా అయ్యాక తేలిన మాట. మనం మాత్రం "ఎందుకంత రాద్ధాంతం చేస్తావ్" అంటాం. నాలుగు మాటలు, నాలుగూ ఒకప్పుడు తీర్పుకు సంబంధించినవి, నాలుగూ ఇప్పుడు గొడవకు పేర్లు. తీర్పు కోసం కూర్చున్న ప్రతిసారీ గొడవే చూసి చూసి జనం అలా మార్చుకున్నారేమో, నా ఊహ అంతే.

పత్రికల్లోకి వస్తే కథ మారుతుంది. అక్కడ భాషను చాలావరకు నిర్ణయించేది కాలమ్ వెడల్పు. సెగ, చిచ్చు, రచ్చ, రగడ, రభస, దుమారం, అన్నీ రెండు మూడు అక్షరాల మాటలు. ‘భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అని రాయాలంటే జాగా ఎక్కడుంది? అందుకని కార్పొరేషన్ సమావేశంలో ఇద్దరు కార్పొరేటర్లు కుళాయిల గురించి గట్టిగా మాట్లాడుకున్నా రగడే, అసెంబ్లీలో మైకులు విరిగినా రగడే. (రగడ అసలు మన ఛందస్సులో ఒక గేయ రూపం, లయ మీద నడిచేది. పాపం దాని గతి అలా అయింది.) దుమారం అంటే దుమ్ము లేపే సుడిగాలి, ఇప్పుడు ముగ్గురు పోస్టులు పెడితే దుమారం, అయిదుగురు పెడితే ‘వెల్లువెత్తిన విమర్శలు’. ఇలా చిన్నదానికీ పెద్దదానికీ ఒకే మాట వాడి వాడి, నిజంగా పెద్దది వచ్చినప్పుడు వాడటానికి మన దగ్గర మాట మిగలదు.

ఇక నిప్పు సంగతి. తెలుగు హెడ్డింగుల్లో గొడవలన్నీ నిప్పులే. చిచ్చు, సెగ, కుంపటి, రావణకాష్ఠం, ఆజ్యం పోయడం, భగ్గుమనడం, నివురుగప్పిన నిప్పు. వినడానికి బాగుంటాయి, అభ్యంతరం అది కాదు. వాటి క్రియలు చూడండి. రాజుకుంది, రగిలింది, చెలరేగింది, భగ్గుమంది. వీటన్నిటిలో నిప్పు తనకు తానే అంటుకుంది. అగ్గిపుల్ల గీసినవాడు వాక్యంలో లేడు. తెలుగులో రాజుకోవడం వేరు, రాజేయడం వేరు, రగలడం వేరు, రగిలించడం వేరు, ఒక్క ప్రత్యయంతో కర్తను తేవచ్చు, తీసేయవచ్చు. ‘రెండు కులాల మధ్య రాజుకున్న చిచ్చు’ అన్నప్పుడు అది ఎండాకాలం అడవిలో కార్చిచ్చులాగా దైవికంగా వచ్చినట్టుంటుంది. ‘ఫలానా ఫ్లెక్సీ చింపిన దగ్గర మొదలైంది’ అని రాస్తే చింపినవాడెవరు అనే ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వస్తే విలేకరి మళ్లీ ఊళ్లోకి వెళ్లాలి. నిప్పు పెట్టి రాస్తే వెళ్లక్కర్లేదు. నేనూ చాలాసార్లు వెళ్లలేదు లెండి.

ఇప్పుడు అసలు మాట, ‘వివాదాస్పదం’. ఆస్పదం అంటే చోటు. అనుమానానికి చోటిచ్చేది అనుమానాస్పదం, నవ్వుకు చోటిచ్చేది హాస్యాస్పదం, వివాదానికి చోటిచ్చేది వివాదాస్పదం. అంటే ఆ వస్తువులోనో ఆ మాటలోనో ఏదో తేడా ఉంది, అందుకే గొడవ వచ్చింది అని ఆ పదం చెప్పకుండా చెబుతుంది. దీనికి పక్కనే ఇంకో మాట ఉంది, వివాదగ్రస్తం. గ్రస్తం అంటే మింగబడినది, పంచాంగంలో ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని చూస్తుంటాం కదా, అదే. వ్యాధిగ్రస్తుడిలో వ్యాధి అతని తప్పు కాదు, వచ్చి పడింది. ఈ రెంటికీ తేడా చిన్నదేం కాదు. మీ తాతల నాటి పొలం మీద ఎవడో దొంగ కాగితాలు పుట్టించి కేసు వేశాడనుకోండి. మర్నాటి నుంచి అది ‘వివాదాస్పద భూమి’ అయిపోతుంది, కొనేవాడు రాడు, బ్యాంకువాడు లోనివ్వడు. వివాదం తెచ్చినవాడు హాయిగా ఉంటాడు, ఆ విశేషణం మాత్రం మీ పొలానికి అంటుకుంటుంది. ‘ఫలానా ఆయన కేసు వేసిన భూమి’ అంటే ఎంత తేడా! వివాదాస్పద వ్యాఖ్య, వివాదాస్పద నిర్ణయం అన్నప్పుడు కూడా అంతే. ఎవరికి అభ్యంతరం, దేనికి అభ్యంతరం అనే రెండూ మింగేసే పదం అది. అది వాడకూడదని నేను అనడం లేదు, కానీ వెంటనే తర్వాతి వాక్యంలో ఆ రెండిటికీ జవాబు రాకపోతే ఆ పదం దండగ.

గ్రహణం అన్నాను కాబట్టి ఆ ముచ్చట కూడా. గ్రహణం వచ్చిన ప్రతిసారీ మన చానళ్లలో ఒక కిటికీలో జ్యోతిష్యుడు, ఇంకో కిటికీలో హేతువాది కూర్చుంటారు, గ్రహణం వేళ అన్నం తినొచ్చా, గర్భిణులు బయటికి రావచ్చా అని గంటసేపు నడుస్తుంది. కింద పట్టీలో ‘గ్రహణంపై రగడ’. చంద్రుడి నీడ భూమి మీద పడటం గురించి రగడ ఏముంటుంది? ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పడుతుందో, ఎప్పుడు వదులుతుందో ఆ జ్యోతిష్యుడి చేతిలోని పంచాంగమే చెబుతోంది. ఆచారం పాటించడం పాటించకపోవడం ఎవరిష్టం వాళ్లది, దాని మీద మర్యాదగా మాట్లాడుకోవచ్చు. కానీ తేలిపోయిన విషయాన్నీ తేలని విషయాన్నీ ఒకే కిటికీ సైజులో చూపించి రెంటికీ వివాదం అని పేరు పెడితే, చూసేవాడికి ఈ లోకంలో ఏదీ తేలదనే అభిప్రాయం మిగులుతుంది. అప్పుడు నిజంగా రెండు వైపులా న్యాయమున్న సంగతి వచ్చినా అదే చెయ్యి ఊపుడు, "ఆ, వాళ్లలాగే అంటారు, వీళ్లిలాగే అంటారు" అని.

నిజంగా రెండు కాదు, నాలుగు వైపులున్న సంగతి ఒకటి మనకు ఏటా సెప్టెంబర్ 17న వస్తుంది. జరిగినదాని మీద పెద్ద పేచీ లేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించాడు, సంస్థానం భారతదేశంలో కలిసింది. పేచీ అంతా ఆ రోజును ఏమని పిలవాలన్న దాని మీదే. విమోచన దినమా, విలీన దినమా, విద్రోహ దినమా, సమైక్యతా దినమా?

ఒక్కో మాటను విప్పి చూస్తే ఒక్కో కథ. విమోచనం అనాలంటే బంధించినవాడు ఒకడు ఉండాలి, శాపవిమోచనం, రుణవిమోచనం లాగా. ఆ మాట వాడేవాళ్ల కథలో మధ్యలో నిలబడేది నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యం. విలీనంలో బంధించినవాడు లేడు, ఉప్పు నీళ్లలో కలిసినట్టు ఒకటి ఇంకోదాంట్లో కలిసింది, అంతే. ఆ మాట వైపున్నవాళ్లు అడిగే ప్రశ్న కూడా గట్టిదే, నిజాం నుంచి విముక్తే అయితే 1950 నుంచి 1956 దాకా అదే నిజాంను రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఎందుకు కూర్చోబెట్టారు? విద్రోహం అనేవాళ్ల లెక్క వేరు, భూమి కోసం సాయుధ పోరాటం చేస్తున్న రైతుల మీదికే ఆ తర్వాత సైన్యాన్ని తిప్పారు, 1951లో పోరాట విరమణ దాకా అది సాగింది, కాబట్టి ఆ రోజు వాళ్లకు నమ్మకద్రోహం. ఇక సమైక్యత అన్న మాటలో అంతకుముందు ఏం జరిగిందన్న ఊసే ఉండదు, తర్వాత అందరం ఒకటయ్యాం అన్న సంగతే ఉంటుంది. 2022లో ఒకే నగరంలో ఒకే రోజున కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినోత్సవం’ చేసింది, రాష్ట్ర ప్రభుత్వం ‘తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం’ చేసింది. ప్రభుత్వం మారాక 2024లో అదే రోజు ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. జెండా అదే, తేదీ అదే, బ్యానర్ మీద పేరే మారుతూ వస్తోంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఎవరూ కొట్టుకోని మాట ఒకటుంది: పోలీసు చర్య. సైన్యం వచ్చింది, ట్యాంకులు వచ్చాయి, నడిపించింది మేజర్ జనరల్ చౌదరి, దానికి సైనిక సంకేత నామం ఆపరేషన్ పోలో. అయినా దాని పేరు పోలీసు చర్య. ఇంకో దేశం మీదికి వెళ్లేది యుద్ధం, ఇంటి లోపల సర్దుబాటు చేసేది పోలీసు పని, అందుకని ఆ పేరు. ఎంత తెలివైన పేరంటే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నాలుగు పక్షాలవాళ్లూ దాన్నే వాడతారు. మా నాయనమ్మది సూర్యాపేట వైపు పల్లె, ఆమె ఏనాడూ విమోచనం అనలేదు, విలీనం అనలేదు. ఏదైనా లెక్క చెప్పాలంటే "పోలీస్ యాక్షన్‌కు రెండేండ్ల ముంగట" అనేది, అంతకుముందుదంతా "రజాకార్ల లొల్లి". ఆమెకు అది తిట్టూ కాదు, పండగా కాదు, క్యాలెండరు.

జూన్ 2 సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా కానిచ్చేస్తాను. 2014లో ఆ రోజు జరిగింది తెలంగాణలో అవతరణ, ఆవిర్భావం. కృష్ణకు ఇవతల, ఆంధ్రలో, విభజన, అదీ ‘అడ్డగోలు’ అనే విశేషణంతో కలిపి. ఒకే ప్రసవం, ఒకరికి పుట్టుక, ఒకరికి కోత. చట్టం పేరులో ఈ రెండూ లేవు, అది ‘పునర్వ్యవస్థీకరణ’ అంటుంది, ఆ మాట మాత్రం ఏ ఊళ్లోనూ ఎవరి నోటా నేను వినలేదు. దానికి ముందు పదేళ్లు పత్రికల్లో నడిచిన పోరు ఇంకా సూక్ష్మమైనది. వేర్పాటువాదులు అని రాసే పత్రిక ఒకటి, తెలంగాణవాదులు అని రాసే పత్రిక ఒకటి. వేరు కావడం అన్న క్రియ రెంటిలో ఒక్కటే, కానీ వేర్పాటు అనగానే చదివేవాడి బుర్రలోకి దేశం విడిపోతామనే తుపాకీవాళ్లు వచ్చి నిలబడతారు. రాజ్యాంగంలో మూడో అధికరణం కింద కొత్త రాష్ట్రం అడగడానికీ దానికీ సంబంధమే లేదు. మాట మాత్రం తన పని చేసుకుపోయింది.

గతాన్ని పక్కన పెట్టి, ఇప్పుడు నడుస్తున్నది చూద్దాం. నీళ్లు. ఈ గొడవలో పేర్ల మీద కోట్ల రూపాయలు ఆధారపడి ఉంటాయి, అందుకే ఇక్కడ మాటల్ని ఇంజినీర్లూ లాయర్లూ తూకం వేసి వాడతారు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణ నీళ్లను 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నూరేళ్లలో డెబ్బై అయిదేళ్లు కచ్చితంగా వస్తాయన్న లెక్కన, 2060 టీఎంసీలుగా తేల్చింది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. ఇవి నికర జలాలు. అంతకు మించి వచ్చేవి మిగులు జలాలు. వాటిని కింది రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు గానీ హక్కు మాత్రం ఏర్పడదు అని ట్రిబ్యునల్ అంది. ‘వాడుకోవచ్చు’కూ ‘హక్కు’కూ మధ్య ఉన్న ఆ సందులోనే మన రాజకీయాలు సగం నడుస్తున్నాయి. ప్రాజెక్టు కట్టేవాడు మిగులు జలాలు, వరద జలాలు అంటాడు. పైనున్నవాడు మా వాటా, జలదోపిడీ అంటాడు. పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీల గోదావరి నీళ్లు తీసుకెళ్తామని ఆంధ్రప్రదేశ్ అన్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఆంధ్ర నుంచి ‘వృథాగా సముద్రంలో కలిసే వరద నీరు’, తెలంగాణ నుంచి ‘మా వాటా తేలకుండా మిగులెక్కడిది’.

ఆ ‘వృథాగా’ అన్న మాట మీద కాస్త ఆగాలి, ఎందుకంటే దాన్ని రెండు రాష్ట్రాలవాళ్లూ ఒకేలా వాడతారు, వాడుతున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. ధవళేశ్వరం దాటి సముద్రంలోకి పోయే నీళ్లు వృథా అన్నది పొలం వైపు నుంచి చూసినవాడి లెక్క. కోరింగ మడ అడవికి, ఏటిమొగలో చేప పట్టేవాడికి, డెల్టాలో ఉప్పునీరు పైకి తన్నకుండా ఉండాలని కోరుకునే రైతుకు ఆ నీళ్లు వృథా కావు. ఎన్ని టీఎంసీలు మళ్లించాలన్నది నేను తేల్చే విషయం కాదు. కానీ వృథా అన్న మాట ఆ లెక్క వేయకముందే తేల్చేస్తుంది.

వివాదం అన్న పదానికే ఈ రంగంలో చట్టబద్ధమైన బరువు ఉండటం ఇంకో తమాషా. అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం, 1956 ప్రకారం ఒక రాష్ట్రం ఫిర్యాదు చేయాలి, అది మాటలతో తేలని వివాదమేనని కేంద్రం అనుకోవాలి, అప్పుడే ట్రిబ్యునల్. అంటే గొడవ పడుతున్నంత మాత్రాన వివాదం కాదు, వివాదం అని ఢిల్లీ ఒప్పుకోవాలి. రాష్ట్రం ఏర్పడగానే 2014లో తెలంగాణ కృష్ణ నీళ్ల మీద ఫిర్యాదు చేసింది, దాన్ని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగిస్తూ కేంద్రం కొత్త నిబంధనలు ఇచ్చింది 2023 అక్టోబరులో. ఊళ్లో రోజూ కొట్టుకునేవాళ్లకు పేరు దొరకదు, వీళ్లకు పేరు దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అమరావతిలో భూముల విషయంలో సేకరణకూ సమీకరణకూ మధ్య తేడా కూడా ఇలాంటిదే. సేకరణ అంటే ప్రభుత్వం చట్టం కింద తీసుకుని పరిహారం ఇస్తుంది, సమీకరణ అంటే రైతు ఇస్తే అభివృద్ధి చేసి అందులో కొంత తిరిగి ప్లాట్లుగా ఇస్తుంది. 2015లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరణ అన్న మాట కిందే వచ్చింది. ఇష్టపడి ఇచ్చారా, ఒత్తిడి మీద ఇచ్చారా అన్న వాదన ఉంది, అది వేరే వ్యాసం. కానీ ఈ రెండు మాటల్లో ఏది రాస్తే ఏ చట్టం అనేది తెలియకుండా ‘భూములు లాక్కున్నారు’, ‘భూములు త్యాగం చేశారు’ అని రాసేవాళ్లే ఎక్కువ, అటైనా ఇటైనా.

ఇంతవరకూ గొడవ అని అందరూ ఒప్పుకునే విషయాలు. మనుషుల్ని నిజంగా చీల్చేవి కొన్నిసార్లు గొడవ కింద లెక్కకే రావు. సినిమా పేరు మార్చాలని వారం రోజులు ధర్నాలు జరుగుతాయి, రెండో వారం ఎవరికీ గుర్తుండదు. అది వివాదమే, కానీ ఎవర్నీ చీల్చలేదు. అదే వారంలో వేల ఇళ్లలో పెళ్లి సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న "మనవాళ్లేనా?" అని. దాని మీద ధర్నా ఉండదు, చర్చ ఉండదు, టీవీలో కిటికీలు ఉండవు. ‘మనవాళ్లు’ అన్నంత మెత్తని మాట ఇంకోటి లేదు, అంత పదునైన మాటా లేదు. ఆ గీత దాటిన పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ చంపితే దానికి మనం పెట్టిన పేరు ‘పరువు హత్య’. ఎవరి పరువు? చంపినవాడు చెప్పుకున్న కారణాన్ని తీసుకుని నేరానికి పేరుగా పెట్టాం. 2018లో మిర్యాలగూడలో హత్య జరిగిన తర్వాత ‘కులదురహంకార హత్య’ అన్న మాట కాస్త గట్టిగా వినపడటం మొదలైంది. పొడుగ్గా ఉంది, సింగిల్ కాలమ్‌లో పట్టదు, నోరు తిరగదు, అయినా ఆ మాటలో కనీసం వేలు సరైన వైపు చూపిస్తోంది.

పేరు కోసం ఈ పెనుగులాట కొత్తదేం కాదు. 1917లో బెజవాడలో పంచముల మహాసభకు అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ ‘పంచమ’ అన్న మాటనే ఒప్పుకోలేదు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. మాకు నీళ్లివ్వండి, బడికి రానివ్వండి అని అడగడానికి కూడిన సభ ముందు తన పేరు మార్చుకుంది. గిడుగు రామమూర్తి కూడా అంతే, అవతలివాళ్లు ఆయన భాషను గ్రామ్యం అంటుంటే ఆయన దాన్ని శిష్ట వ్యావహారికం అన్నారు. గ్రామ్యం అన్న పేరు ఒప్పుకుని ఉంటే, నేనీ వ్యాసాన్ని ఈ భాషలో రాసేవాణ్ణి కాదేమో.

వాదించుకోవడానికి మన పాత నైయాయికులు, అంటే తర్కశాస్త్రం చెప్పినవాళ్లు, మూడు పేర్లు పెట్టారు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కూర్చుంటే వాదం. ఎలాగైనా గెలవడానికి కూర్చుంటే జల్పం. తనదంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే వితండ. ఇందులో వితండవాదం ఒక్కటే మనకు మిగిలింది, అదీ అర్థం మారి, మొండిగా వాదించేవాణ్ణల్లా వితండవాది అనేస్తున్నాం. జల్పం అన్న మాట పోవడమే నాకు బాధ. రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చకు అంతకన్నా అతికే పేరు లేదు, చర్చ అని పిలిచి ఆ మాటను కూడా పాడుచేస్తున్నాం.

మళ్లీ ఆ ఫోన్ దగ్గరికి. ‘వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలి’ అంటారు. ఘర్షణ అన్న మాటలో ఆ సమవుజ్జీ దాక్కుని ఉన్నాడు, రెండు రాళ్లు ఒరుసుకుంటే వచ్చేది ఘర్షణ. ఒకడు పడి ఉండి ఒకడు కొడుతుంటే అది ఘర్షణ కాదు. చట్టానికి ఈ సంగతి తెలుసు. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం అంటేనే ఎవరు ఎవరి మీద చేశారన్నది ముందు తేలాలి. (తెలుగులో అత్యాచారం అన్న మాట ఇప్పుడు ఒక్క నేరానికే కట్టుబడిపోయింది కాబట్టి ఆ పేరు చదివి చాలామంది పొరబడతారు, అందుకే ఊళ్లల్లో అందరూ అట్రాసిటీ కేసు అంటారు, అదే నయం.) అయినా స్టేషన్లో కౌంటర్ కేసు పెడితే చాలు, మర్నాడు పేపర్లో ‘ఇరువర్గాలపై కేసులు’ అని వస్తుంది, ఆ ‘ఇరు’ మళ్లీ లోపలికి వచ్చేస్తుంది.

ఆ రోజు ఆ పెద్దాయనకు నేను "చూస్తానండీ" అని ఫోన్ పెట్టేశాను. సవరణ వేయమని అడిగితే ఇన్‌చార్జ్ "సింగిల్ కాలమ్ వార్తకు సవరణేంటయ్యా" అన్నాడు. వేయలేదు. ఆ ఊరి పేరు ఇప్పుడు ఆ జిల్లాలో కూడా ఎవరికీ గుర్తుండదు. గుర్తుండే ఊళ్లు వేరే ఉన్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని. 2012 జూన్‌లో లక్షింపేటలో అయిదుగురిని. వీటికి ఘటన, ఊచకోత, మారణకాండ అని రకరకాలుగా రాశారు, కొన్నిచోట్ల ఘర్షణ అని కూడా రాశారు. ఆ వాడల్లో మాత్రం వాటికి ఏ విశేషణమూ తగిలించరు. "కారంచేడు అప్పుడు" అంటారు, "చుండూరు తర్వాత" అంటారు. విన్నవాడు ఏం జరిగిందని అడగడు.